క్యాప్ ఊడింది

సెప్టెంబర్ 2, సోమవారం. ఉదయం 6.10

చిన్నప్పట్నుంచీ మోస్తున్న ప్రశ్న ఒకటుంది. నా పళ్ళు నేను పాడుచేసుకున్నానా, పాడయ్యే వచ్చాయా?

అమ్మ తీర్పు ఎప్పుడో ఇచ్చేసింది. "తోమమంటే తోమేదానివా? పుక్కిలించి పారిపోయేదానివి." డికాక్షన్ రంగు పళ్ళు. అంచులు పెచ్చులు పెచ్చులుగా రాలేవి. కాలేజీకొచ్చేసరికి ముందు నాలుగూ క్యాపులే. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం.

తర్వాత పిల్ల పుట్టింది. నడక నేర్చుకుంటూ చాప మీద కూలబడితే కాలు విరిగింది. పెళుసు ఎముకల జబ్బు, తల్లి నుంచి వచ్చింది అన్నాడు ఎముకల డాక్టరు. నాకు తేలిగ్గా, దానికి కాస్త గట్టిగా. పళ్ళు కూడా అందులో భాగమేనట. పైపెంకు బాగానే ఉన్నా కింద పునాది బలహీనం, అందుకే పెచ్చులూడుతుందట. నేను పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను కాబట్టి నా భాషలో ఇది అచ్చుతప్పు. మొదటి ముద్రణలో ఎవరూ పట్టుకోలేదు. రెండో ముద్రణలో పెద్దక్షరాల్లో పడింది.

రెండో ముద్రణకి ఇప్పుడు ఏడేళ్ళు. దవడ పాలపళ్ళకి స్టీలు క్యాపులు. ముందు పై పన్ను ఊడింది, కొత్తది రావాలి. ఈమధ్య ఫోటో అంటే చాలు, మూతి బిగిస్తోంది.

మొన్న పళ్ళ డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "బ్రష్ దాని చేతికివ్వండమ్మా. మెత్తటిది, రెండు పూటలా. పడుకునే ముందు ఒక్కసారి మీరు చూడండి, చాలు. తోమితే విరగవు. మీరిలా భయపడుతుంటే అది నోరు తెరవడమే మానేస్తుంది."

అందుకని నేటి నుంచి:
1. బ్రష్ దానిది. నేను తలుపు బయట.
2. దాని నోట్లో టార్చ్ వేసి చూడడం రోజుకి ఒక్కసారే. (ఇప్పటిదాకా ఎన్నిసార్లో రాయను. సిగ్గు.)
3. "జాగ్రత్త" అన్న మాట ఇంట్లో నిషేధం.

పదమూడున స్కూల్లో గ్రూప్ ఫోటో. అందులో అది నోరారా నవ్వాలి. అంతే!

6.50. అద్భుతం! రెండు నిమిషాలూ తోమింది! నేనొక్క మాట అనలేదు. దగ్గానంతే. "ఆ దగ్గు కూడా జాగ్రత్తేనమ్మా" అంది లోపల్నుంచి.

సెప్టెంబర్ 3, మంగళవారం

శిక్ష పిల్లే ఖరారు చేసింది. నేను "జాగ్రత్త" అన్న ప్రతిసారీ నా నోట్లో అది టార్చ్ వేసి చూస్తుందట. ఒప్పేసుకున్నాను. నన్ను నేను ఏమనుకుంటున్నానో!

స్కోరు: సున్నా.

సెప్టెంబర్ 5, గురువారం

స్కోరు: నాలుగు.

నిజానికి అన్నది ఒక్కసారే. మిగతావి "మెల్లగా", "నిదానం", "చూసుకో".

"పర్యాయపదాలు కూడా లెక్కే" అంది. ప్రూఫ్ రీడర్ కడుపున పుట్టింది మరి.

అంపైరు మా ఆయన. "నువ్వు ఊఁ అన్నా నాకు జాగ్రత్త అనే వినిపిస్తుందోయ్." ద్రోహి.

నోరు తెరిచాను, నాలుగుసార్లు. తనిఖీ నివేదిక: "అమ్మా, నీ ముందు పళ్ళు బాత్రూం టైల్స్‌లా ఉన్నాయి."

సెప్టెంబర్ 8, ఆదివారం

పొద్దున టార్చ్ వేశాను. మబ్బుగా ఉంది, నేనేం చెయ్యను?

మధ్యాహ్నం బల్ల కింద పెన్సిల్ కోసం తీశాను. దారిలో దాని నోరు తగిలింది.

చిగురులోంచి సన్నటి గీత! తెలుపా? డికాక్షనా? తెలియలేదు. మళ్ళీ వేశాను. టప్పున నోరు మూసేసింది. "నువ్వలా చూస్తే దానికి సిగ్గేసి లోపలికెళ్ళిపోతుంది."

సాయంత్రం అమ్మ ఫోను.

"దాని చేతయినా సరిగ్గా తోమించు."

"అది జబ్బమ్మా. తోమకపోవడం వల్ల కాదు."

"ఏ జబ్బో ఏమో. నువ్వు తోమేదానివి కాదు, అదైతే నిజం."

అదీ నిజమే. తోమేదాన్ని కాదు.

సెప్టెంబర్ 11, బుధవారం. ఉదయం 7.05

కొత్త పేస్టు ట్యూబు. మూత బిగుసుకుపోయింది. బస్సు టైమవుతోంది. గట్టివేవీ కొరకొద్దని ఏడేళ్ళుగా ఉపన్యాసాలిస్తున్న నేను ఆ మూతని పంటితో పట్టి తిప్పాను.

టక్.

ట్యూబు మూత రాలేదు. నా మూత వచ్చింది.

7.10. పనికెళ్ళిన మా ఆయనకి ఫోను.

"పేస్టు మూత తిప్పుతుంటే క్యాప్ ఊడింది!"

"ఊడితే ఏమైంది? ట్యూబు చివర మడిచి క్లిప్పు పెట్టు."

"నాది!"

"నీ ట్యూబు వేరేనా?"

"నా పన్ను!"

"అయితే క్లిప్పు వద్దులే" అన్నాడు.

7.15. పిల్లకి పండగ. టార్చ్ తెచ్చేసుకుంది. "ఆఁ అను. కదలకు. జాగ్రత్త!"

"నువ్వన్నావు! నువ్వన్నావు!" అని గంతేశాను. అది వినిపించుకోలేదు. వెలుగు నా పంటి మీద ఆగిపోయింది. క్యాప్ కింద మిగిలిన మొండి. పొట్టిగా, గోధుమరంగులో.

"అమ్మా, లోపల నాలాంటిదే ఉంది."

నా చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్ళింది. దాని చెయ్యీ వెళ్ళింది, దాని నోటికి. అవే నాలుగు వేళ్ళు, అదే వంకర. మూతి బిగించడం స్కూల్లో ఎవరో ఏడిపిస్తే నేర్చుకుందనుకున్నాను ఇన్నాళ్ళూ.

"నాకిచ్చింది నువ్వేనా?"

"ఊఁ."

"మరి నీది దాచేశావేం?"

బస్సు హారను. బతికిపోయాను.

సెప్టెంబర్ 13, శుక్రవారం

డాక్టరమ్మ అపాయింట్‌మెంట్ రేపే. అంటే ఈ రోజంతా బోసిపన్నుతో నేను.

స్కూలు మైదానంలో పిల్లల్ని బెంచీల మీద నిలబెట్టారు. మావి కంచె దగ్గర తల్లుల సీట్లు. ఫోటోగ్రాఫరు "నవ్వండీ" అన్నాడు. అందరూ నవ్వారు. మాది మూతి బిగించి నా వైపే చూస్తోంది. చేత్తో సైగ చేసింది: ముందు నువ్వు.

పక్కన ఇద్దరు తల్లులు. ఎదురుగా క్లాసు టీచరు. నా చెయ్యి పైకి లేస్తోంది. రెండో చేత్తో పట్టుకుని దించాను. నవ్వాను. సందుతో, మొండితో, మొత్తం.

"మా అమ్మకి పన్నూడిందోచ్!" అని అరిచి పకపకా నవ్వింది. స్టీలు పళ్ళు తళతళ. క్లిక్!

ఆ తర్వాత బెంచీ మీంచి దూకబోయింది.

"జాగ్రత్తా!!!"

స్కూలు స్కూలంతా తిరిగి చూసింది. టీచరు పరుగెత్తుకొచ్చి ఎత్తి దించింది. నా నోరు మాత్రం ఆగలేదు. మెట్ల దగ్గర, గేటు దగ్గర, బస్సెక్కేటప్పుడు, బస్సు వెళ్ళిపోయాక కూడా. సాయంత్రం అది తేల్చిన స్కోరు: పదకొండు.

సెప్టెంబర్ 14, శనివారం

క్యాప్ ముక్కలైందట. కొత్తది రావడానికి వారం. డాక్టరమ్మ నా చరిత్రంతా విని "మీరు రోజూ తోమినా ఈ పెచ్చులు ఊడేవేనండి" అంది. నిజమో, నన్ను ఓదార్చిందో. అమ్మకి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను. చెయ్యలేదు.

పిల్ల కొత్త పన్ను అంచు బయటికొచ్చింది. తెలుపు కాదు, డికాక్షనూ కాదు. పాలెక్కువైన టీ.

సోమవారం నుంచి మళ్ళీ మొదలు. అవే మూడు. నాలుగోది కొత్తది: నోటికి చెయ్యి అడ్డం పెట్టను.

(ఇది రాస్తుండగా బాత్రూంలో ఏదో పడింది. అరిచేశాను. సోమవారం ఇంకా రాలేదు కాబట్టి లెక్కలోకి రాదు.)

ఒకటి మాత్రం తేలలేదు. ఈ పళ్ళిచ్చినందుకు పిల్లకి సారీ చెప్పాలా? పుస్తకంలో అయితే తప్పొప్పుల పట్టిక అతికించి ఊరుకుంటాం. దానికి సారీ చెబితే ఆ పళ్ళు తప్పని నేనే ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే తప్పించుకున్నట్టు. మూడ్రోజులుగా నోటి దాకా వస్తోంది, ఆగిపోతోంది. చెప్పాలో వద్దో నాకింకా తెలియదు.