తుఫాను రోజున నేను కొన్నానంటున్న సోఫా

శ్రీ కమలేశ్ సామీ గారికి,
వినియోగదారుల ఫిర్యాదుల అధికారి, వీతీ లేవు దీవి ఉత్తర తీరం.

అయ్యా,

విషయం: నేను కొనని సామాన్లకు నా మీద మోపిన బాకీ రద్దు చేయుట మరియు నా ఫ్రీజరు జప్తును ఆపుట గురించి.

నవులివులి గ్రామ నివాసిని, బజారులో చేపలు అమ్ముకునే సలనియేతా వునిబోలా అను నేను తమకు తెలియజేయునది:

1. అయిదేళ్ళ క్రితం మెయిన్ వీధిలోని వాయిదాల కొట్టులో చేపల కోసం ఒక ఫ్రీజరు కొన్నాను. బాకీ మొత్తం తీర్చాను. అప్పుడు వారు నా ఓటరు కార్డు నకలు తీసుకున్నారు. ఇప్పుడు అదే నకలు మీద నేను సోఫా సెట్టు, పెద్ద టీవీ, బట్టలుతికే యంత్రం తీసుకున్నానని, నాలుగు వేల ఎనిమిది వందల డాలర్లు కట్టాలని అంటున్నారు. ఆ సోఫా నా ఇంట్లో పెడితే నేను బయట పడుకోవాలి.

2. ఆ ఒప్పందం మీద సంతకం నాది కాదు. ఇంటిపేరులో ఒక అక్షరం కూడా తప్పింది. నా పేరు దొంగిలించినవాడు దానిని సరిగా రాయడమైనా నేర్చుకోవలసింది.

3. తమ కార్యాలయంలో గుమాస్తా గారిని కలిశాను.
"మీరు కొనలేదని రుజువు కాగితం తెండి, పెద్దమ్మా."
"కొనని దానికి బిల్లు ఎవరిస్తారు నాయనా?"
"రూలంతే. గొడవెందుకు, సగం కట్టేసి వదిలించుకోండి."
సగం కాదు, ఒక్క సెంటు కూడా కట్టను. కడితే ఆ సంతకం నాదని ఒప్పుకున్నట్లే.

4. గత శుక్రవారం ఉదయం కొట్టువారి మనుషులు ముగ్గురు బజారులో నా దుకాణం దగ్గరికి లారీతో వచ్చి, బాకీ కింద నా ఫ్రీజరు ఎత్తుకెళ్తామన్నారు. అందులో నలభై కిలోల చేప ఉంది. నేను మూత మీద కూర్చున్నాను.
"లేవండి పెద్దమ్మా, మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి."
"నన్నూ కలిపి ఎత్తుకెళ్ళు. నలుగురు పిల్లల్ని కన్న ఒళ్ళు, మీ లారీ తట్టుకుంటుందేమో చూసుకో."
పక్కన కూరగాయలమ్మే రాజమతి లేచి వచ్చింది. "ఎక్కించే ముందు రసీదు రాయండి బాబూ. ఒక ఫ్రీజరు, ఒక ఆడమనిషి అని. రేపు లెక్క తేడా వస్తే మళ్ళీ ఈమె మీదే రాస్తారు."
బజారంతా నవ్వింది. మధ్యాహ్నం దాకా నేను దిగలేదు. బుధవారం ఉత్తర్వుతో వస్తామని చెప్పి వెళ్ళారు.

5. మా చర్చి మహిళా సంఘం డబ్బు పెట్టె తాళంచెవి పదకొండేళ్ళుగా నా దగ్గర ఉండేది. ఆదివారం పాస్టరు గారి భార్య నన్ను పక్కకు పిలిచి, "కొన్నాళ్ళు నా దగ్గర ఉంచు సలా, నీ మంచికే" అంది. ఇచ్చేశాను. ఏడవలేదు. కాదు, ఏడ్చాను. అర్జీలో అబద్ధం రాయకూడదు.

6. ఇక ముఖ్యమైనది. ఒప్పందం మీద తేదీ నిరుడు మార్చి పద్నాలుగు. ఆ రోజు తుఫాను. బజారు మూసేశారు, రోడ్డు మీద నడుములోతు నీళ్ళు, కరెంటు లేదు. టీవీ కొనడానికి ఈదుకుంటూ వెళ్ళానా? ఆ మూడు రోజులూ నేను ప్రాథమిక పాఠశాలలో, రెండో తరగతి గదిలో తలదాచుకున్నాను. తమరు కూడా అదే గదిలో ఉన్నారు, తమ అమ్మగారితో. తమ ప్యాంటు తడిసి వణుకుతుంటే నడుముకు చుట్టుకోమని మా ఆయన పాత సులు గుడ్డ ఇచ్చాను. ఎర్ర పువ్వులది. "కొట్టుకుపోకుండా ఇదొక్కటే తెచ్చుకున్నాను" అని చెబితే, తమరు రెండు చేతులతో అందుకున్నారు. గుమాస్తా గారు అడిగిన రుజువు కాగితం తమరే అయ్యా.

కావున నా ప్రార్థనలు: ఆ రోజు నేనెక్కడ ఉన్నానో తమ చేత్తో రాసి సంతకం పెట్టండి. బుధవారం లోపు జప్తు ఆపండి. నా కార్డు నకలు ఎవరి చేతిలో ఉందో ఆ కొట్టువారిని అడగండి. కొట్టువారు తమ స్నేహితులని బజారులో అంటున్నారు. నేను నమ్మలేదు. తమరు రాయకపోతే మాత్రం నమ్ముతాను.

ఈ సంగతులన్నీ చిత్తగించవలెను. చిత్తగించినట్లు జవాబు కూడా ఇవ్వవలెను.

ఇప్పటివరకు తమ విధేయురాలు,
సలనియేతా వునిబోలా
(పేరులో అక్షరాలన్నీ ఉన్నాయి)

తా.క.: ఈ అర్జీని బజారులో రాజమతికి చదివి వినిపించాను. పీతలమ్మే తితీలియా చేతిలో బుట్ట దించేసి, "ఏ తేదీ అన్నావ్?" అని అడిగింది. ఇంటికి పరుగెత్తి తన నోటీసు తెచ్చింది. అదే తేదీ, అదే సోఫా. సిగ్గుపడి నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పకుండా కడుతోందట. సాయంత్రానికి ఇంకో ఇద్దరు వచ్చారు. కొట్టువారు ఒక్క తుఫానులో నాలుగు సోఫాలు అమ్మారన్నమాట. అందరి నోటీసులూ దీనికి జతచేశాను. మంగళవారం ఉదయం నలుగురం తమ ఆఫీసుకు వస్తున్నాం. ఒక బల్ల వేయించండి. వేయించకపోయినా ఫరవాలేదు సామీ గారూ, పొద్దస్తమానం నిలబడి అమ్ముకునేవాళ్ళం, మాకు కాళ్ళు నొప్పెట్టవు.