తలుపుకు ఎదురుగా ఉండే కుర్చీ

బావా,

ఇంట్లో ఏమీ వండలేదు, రాత్రికి బయట తిందాం. స్నానం చేసి నీలం చొక్కా వేసుకో. తెల్లదానికి నెత్తురు మరక ఇంకా పోలేదు.

బారు ఏదనేది నేనే తేల్చేసినా. తాడిపత్రి రోడ్డులోది వద్దు. అది మన పగోళ్లది, మనోళ్ల ఓబులేసన్న తల పగిలింది ఆడనే. బెంగళూరు బైపాసులోదానికి మళ్లీ పోయే ముఖం మనకు లేదు. పోయినసారి పక్క టేబులాయప్ప జేబులో చెయ్యి పెడితే, కత్తి తీస్తాండాడనుకొని బీరుసీసా ఆయప్ప నెత్తిన పగలగొట్టినావు. ఆయప్ప మెనూ చదువుకోవడానికి కళ్లజోడు తీస్తాండె పాపం. ఆ నెత్తురు నా బిర్యానీలో కూడా పడింది.

అందుకే రాప్తాడు అవతల కొత్తగా తెరిచినదానికి పోదాం. ఆడ మనల్ని కొట్టినోళ్లూ లేరు, మనం కొట్టినోళ్లూ లేరు. నేను పార్లర్ మూసేసి నేరుగా ఆడికే వస్తా.

పెళ్లైనప్పటి నుంచి యాడికి పోయినా నువ్వు గోడకు వీపు ఆనించి తలుపు దిక్కే చూస్తావు. నేను మాట్లాడతాంటే నా భుజం మీదుగా ఎవరొస్తాండారో చూసుకుంటావు. మా నాయన్ను హోటల్లో నరికినప్పుడు ఆయన తలుపుకు వీపు పెట్టి కూర్చోనుండె. నీ భయం నాకు తెలీక కాదు. ఈ ఒక్క పూట నా ముఖం చూడు బావా.

హిమజ

బండి సీటు కింద కత్తి కోసం వెతకొద్దు, అది నా హ్యాండ్‌బ్యాగులో ఉండాది. ఈ పొద్దు తలుపు దిక్కు నేను చూస్తా.