చిన్నదాని పేరు పక్కన

బొమ్మనహళ్ళి,
12-6-1979

హెడ్మాస్టరు గారికి నమస్కారాలు.

మా మునిరత్నను మీ బడిలో చేర్చిన రోజు, వరండాలో వేరువేరుగా పెట్టిన రెండు నీళ్ళ కుండలు చూసి, మేము నాయుళ్ళమని రాయించాను. అది అబద్ధం. మేము హరిజనులం.

ఇప్పుడు సర్కారు మావాళ్ళకు నర్సు ట్రైనింగులో సీట్లు ఇచ్చింది. పిల్లకు మార్కులున్నాయి. తాలూకాఫీసు గుమాస్తా మాత్రం, "స్కూలు రిజిస్టర్లో ఏముండాదో అదే నీ జాతప్పా" అని అర్జీ విసిరేశాడు. శనివారంతో గడువు తీరిపోతుంది. దయచేసి దాని పేరు పక్కన జాతి దిద్ది, సర్టిఫికెట్టు ఇవ్వండి.

మూడో తరగతిలో ఉన్న చిన్నదాని పేరు పక్కన మాత్రం దిద్దకండయ్యా. ఒకే ఇంట్లో రెండు జాతులేమిటని ఎవరైనా అడిగితే, తండ్రి తాగుబోతని చెప్పండి. అది ఇంకా ఏడేళ్ళు మీ బడిలో నీళ్ళు తాగాలి.

ఇట్లు,
మునిరత్న తండ్రి