మెట్లెక్కిన అక్రోటు బల్ల

శుక్రవారం

మా రజిత గెలిచింది! పన్నెండడుగుల అక్రోటు చెక్క మీటింగు బల్లను, దాన్ని కొన్న వకీలు గారి మేడ మీదికి చేర్చేసింది. నా బిడ్డ!

అది అరవై ఏళ్లనాటి బల్ల. నెల రోజులు తనే పాలిష్ పట్టింది. కాఫీ రంగు చెక్కలో చారలన్నీ తేలాయి. మట్టెవాడలో మా దుకాణం ముందు ఆగి చూడనివాడు లేడు. తీరా ఈరోజు మెట్ల మలుపులో ఇరుక్కుంది.

"ఎక్కకపోతే వాపస్ తీస్కపోన్రి" అన్నారు వకీలు గారు.

నలభై ఏళ్లుగా వడ్లపని, అదే వడ్రంగం, చేస్తున్నవాణ్ని, కోసి పైన అతికిద్దామనుకున్నాను. నడుమ పెన్సిల్ గీత గీసి రంపం అందుకున్నాను.

"ఆగు నాయినా! గిసొంటి బల్లను ఎవలన్న కోస్తరా?" అంటూ రజిత బల్ల కిందికి దూరింది. టార్చి వేసి చూసి నవ్వింది. "మేకు ఒక్కటి లేదే! అన్నీ చెక్క చీలలే. చేసినోనికి మెట్ల సంగతి ఎర్కనే. జర సుత్తె ఇయ్యి."

నాలుగు చీలలు కొట్టి ఊడదీయగానే బల్ల రెండు ముక్కలుగా విడివడింది. రెండిటినీ పైకి మోసి, మళ్లీ చీలలు బిగించాక రజిత నా పెన్సిల్ గీతను గుడ్డతో తుడిచేసింది. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఏం చేసి ఉండేవాణ్నో...

"మేస్త్రి ఎవలు?" అని వకీలు గారు అడిగితే, "మా బిడ్డనే సార్, నేను హెల్పర్ని" అన్నాను.

పొద్దున్నే చెప్పాల్సినవాళ్లు: కాశిబుగ్గ అక్క. జనగామ తమ్ముడు. రజిత అత్తగారు, తప్పకుండా. "ఆడపిల్లకు వడ్లపని ఏందిరా" అన్న మా పెద్దబావ. ఆయనకు ఫోన్‌లో కాదు, ఇంటికి పోయి చెప్పాలి.