పేర్లు పిలిచాకే నీళ్లు

అమ్మకు,

నీ కూతురు నెలిదా చేసే నమస్కారాలు. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, మనం ఉన్నికోసం పెంచే లామాల మందా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

కొండమీద పనిచేసేటప్పుడు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుంటున్నావా అని అడిగావు. ఇంత ఎత్తులో గాలి పలచన కదా, పెట్టుకుంటున్నాను. నక్షత్రాలు పొగలోంచి పుడతాయా అనీ అడిగావు. పొగ కాదమ్మా, మంచుకన్నా ఎంతో చల్లని వాయువు. అది పోగులు పోగులుగా సాగి, ఆ పోగుల వెంటే పారి, అవన్నీ కలిసే చోట కుప్పపడుతుంది. సూర్యుడికి ముప్పై రెట్లు బరువైన నక్షత్రాలు అలాంటి చోటే పుడతాయి. ఆ పారడం కంటికి కనబడదు. వాయువు పంపే రేడియో తరంగాల్లో తేడా చూసి, ఇటు వస్తోందో అటు పోతోందో కనుక్కుంటాం.

ఆ తరంగాలు పట్టే మా యాంటెన్నాలు తెచ్చిన బొమ్మ చూసి నాతో పనిచేసే బెర్నార్దా, "ఏమే, ఆ మబ్బులో కాలువలు తవ్వింది మీ ఊరివాళ్లేనా?" అని ఎగతాళి చేసింది. నేను నవ్వలేకపోయాను. ఒక పోగులో, సరిగ్గా ఇరుకైన చోట, మనిషి వంగి నిలబడ్డట్టు చిక్కటి ముద్ద ఒకటుంది. వెనకనుంచి వాయువు తోసుకొస్తోంది. మూడు రోజులుగా దాన్నే చూస్తున్నాను. మన జన్మలో అది కదలడం ఎవరికీ కనబడదు. అయినా నేను చూపు తిప్పుకుంటే అది తలెత్తుతుందేమోనని భయం. పట్టపగలు, పక్కన మనుషులుండగానే, రాయిమీద పార గీరిన చప్పుడు వినబడుతోంది. గొట్టం సరిచేసుకున్నా ఆగలేదు.

తెయోదోసియో మామయ్య మళ్లీ గుమ్మం దాకా వచ్చాడని, లోపలికి రానివ్వనా అని అడిగావు. ఆ జవాబు దగ్గరే ఇంతసేపూ తటపటాయించాను.

ఏడేళ్ల కిందట కాలువ శుభ్రం చేసిన రోజు, తూము ఎత్తేముందు, కాలువ పనికి పెద్దగా ఉన్న మామయ్యే పేర్లు పిలిచాడు. మన ఆచారం నీకు తెలుసు. బతికున్నవాళ్లు తామే పలుకుతారు, పోయినవాళ్ల తరఫున ఇంటివాళ్లు పలుకుతారు, అందరి పేర్లూ పలికాకే నీళ్లు వదులుతారు. "సెవెరో" అని నాన్న పేరు పిలిచినప్పుడు ఆయన గట్టుమీద లేడు. ఆలస్యంగా వచ్చాడని నాన్నని నలుగురిలో ఆటపట్టిస్తారని, గుంపు వెనక నిలబడి నేనే గొంతు మార్చి "ఉన్నా" అన్నాను. నాన్న అప్పటికింకా కాలువలోని రాతి ఇరుకులో వంగి ఆఖరి మట్టి తీస్తున్నాడు. తూము ఎత్తేశారు, నీళ్లు ఆ ఇరుకులోకి వచ్చిపడ్డాయి.

"పలికాడు చెల్లెమ్మా, నా చెవులారా విన్నాను" అని మామయ్య ఏడిస్తే, "పోయినవాడి మీద అబద్ధమా?" అని తలుపేశావు. ఊరంతా ఆయన్ని వెలేసినట్టు చూసింది. నీ పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.

ఆయన విన్నది నిజం. ఈసారి వస్తే తలుపు తియ్యి. ఈ ఉత్తరం ఆయన చేతికిచ్చి, నీ ముందే మళ్లీ పైకి చదవమను. ఆ తర్వాత నాకు తలుపు తియ్యాలో వద్దో నీ ఇష్టం.

ఇట్లు,
నాన్న బతికుండగానే ఆయన తరఫున పలికిన నీ పెద్ద కూతురు