నలభై మూడో పేజీ

రాజోలు,
జూన్ 30

ప్రియమైన భవానీదేవి గారికి,

మీ మోకాళ్ళు మాట వింటున్నాయని తలుస్తాను. ఉద్యోగాలు వదిలిన పద్నాలుగేళ్ళుగా ఏ నెల చదువు ఆ నెలాఖరున ఒకరికొకరం అప్పజెప్పుకుంటున్నాం కాబట్టి, ఇదిగో నా జూన్ పాఠం.

మొదటిది రాజుల నవల. ఎనిమిది వందల పేజీలు. రాజుగారు చనిపోవడానికే రెండు వందలు పట్టింది. ఒక దశలో నేనే వెళ్ళి పీక నులిమేద్దామనుకున్నాను. రెండోది కవిత్వం. పేజీకి నాలుగు మాటలు, మిగతాదంతా తెల్ల కాగితం. కాగితం మాత్రం మంచిదండీ, మా మనవరాలు పింకీ లెక్కలు చేసుకుంటోంది. మూడోది షుగరు వ్యాధి గురించి ఒక డాక్టరు గారు రాసింది. అది చదువుతూ రెండు పూతరేకులు తిన్నాను. భయమేస్తే ఏదో ఒకటి నమలడం నాకు అలవాటు.

నాలుగోది మీది, ‘నా పుస్తకాల బాల్యం’. అట్ట బాగుంది. అచ్చు తప్పులు పదకొండు. నలభై రెండు పేజీలు కూర్చున్న చోటు నుంచి లేవకుండా చదివాను. నలభై మూడో పేజీలో నేనున్నాను. పింకీ నా భుజం మీదుగా చూసి, “అమ్మమ్మా, నువ్వు పుస్తకంలో పడ్డావే!” అని గంతులేసింది. ఆ పేజీ దగ్గరే ఆగి వారమైంది.

ఒక్క సంగతి చెప్పండి. మీ ఇంట్లో పుస్తకాలను నూతిగట్టు మీద ఎండబెట్టేవారని రాశారు కదా. ఏ నెలల్లో ఎండబెట్టేవారు? ఏయే పుస్తకాలు?

మీ జవాబు వచ్చాక మిగతాది చదువుతాను.

మీ
హన్నా


కొత్తపేట,
జూలై 6

ప్రియమైన హన్నాకి,

రాజుగారి చావు చదివి నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. ముందుగా కాపీలు అందినవాళ్ళంతా “బాగుందండీ” అని ఊరుకుంటే, తప్పులు లెక్కపెట్టింది నువ్వొక్కదానివే. బడిలో కూడా ఇంతే, నా పాఠ ప్రణాళికల మీద నీ ఎర్ర సిరా!

ఇదేం ప్రశ్నే? నెలలేమిటి, ఏడాది పొడుగునా ఎండబెట్టేదాన్ని. పుస్తకం తిరిగొచ్చిన రోజే నూతిగట్టు మీద పరిచి, ఒక్కో పేజీ తిప్పేదాన్ని. వసారాలోంచి మా నాయనమ్మ, “తిప్పేవా? అన్నీ తిప్పేవా?” అని కేకలేసేది. కోనసీమ చెమ్మకి పుస్తకం నిలవాలంటే అంత చాకిరీ చెయ్యాలి మరి. ఎండ తగిలిన కాగితం వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నా జీవితంలో మొదటి ఉద్యోగం అదే.

ఆ పేజీ గురించే అందరూ ఫోన్లు చేస్తున్నారు. ఆ రోజుల్లోనే ఊరవతల పేట పిల్లకి పుస్తకాలిచ్చిన ఇల్లు అని మన బడిలో చేసిన జగ్గారావు మాస్టారు సభలో ప్రత్యేకంగా చెబుతానన్నారు. ఆవిష్కరణ ఇరవయ్యో తారీఖున. నువ్వు వేదిక మీద ఉండాలి, ఆ పేజీ నీ గొంతుతో చదవాలి. కారు పంపిస్తాను. నీలం చీర కట్టుకో.

నీ
భవాని


రాజోలు,
జూలై 10

భవానీదేవి గారికి,

కారు పంపకండి. నేను రాను.

మీ నాన్నగారి బీరువాలోంచి ఆరేళ్ళలో నేను తీసుకెళ్ళిన పుస్తకాలు అరవై పైచిలుకు. పెరటి గుమ్మం బయట నిలబడితే, మీరు తెచ్చి పైనుంచి నా చేతుల్లోకి వదిలేవారు. ‘మా హాల్లో ఇద్దరం ఒకే పుస్తకంలో తలలు దూర్చేవాళ్ళం’ అని రాశారు. మీ హాలు నేల నలుపో ఎరుపో నాకు ఈ రోజుకీ తెలీదు.

పుస్తకం తిరిగిచ్చి, దడి దాటాక సందులోంచి చూసేదాన్ని. నూతిగట్టు మీద ఒకటే పుస్తకం ఉండేది, నేనిచ్చింది. కరణం గారి అమ్మాయి తిరిగిచ్చినవి తిన్నగా ఇంట్లోకి వెళ్ళేవి. చెమ్మకి కూడా మనుషులు తెలుసన్నమాట. మీ తోటలో పనిచేసే మా నాన్న నతానియేలుని అడిగాను. “చెమ్మ పట్టుద్దమ్మా, అందుకు” అన్నాడు. “వైశాఖంలో నూతిలోనే నీళ్ళు లేవు, పుస్తకానికి చెమ్మేంటి నాన్నా?” అన్నాను. ఆయన అటు తిరిగి, లేని పనేదో వెతుక్కున్నాడు. మళ్ళీ అడగలేదు. ఆ ఎండ చెమ్మకి కాదండీ, మైలకి. నా చేతుల మైలకి.

అది నాకు పదో ఏటే తెలుసు. మీ ఉత్తరంలో నాకు కొత్త సంగతి ఒకటే. ఆ పేజీలు తిప్పింది మీ నాయనమ్మ అనుకున్నాను. అరవై ఏళ్ళుగా ఆ చేతులు ఆవిడవేననుకున్నాను. మీరు లోపలెక్కడో ఉండి ఉంటారనీ, మీకేమీ తెలిసి ఉండదనీ నమ్మాను. ఆ నమ్మకంతోనే స్టాఫ్‌రూమ్‌లో ఇరవై ఏళ్ళు మీ పక్కన కూర్చుని క్యారియర్ విప్పాను. నా కూర మీకు పెట్టాను.

ఎందుకు ఎండబెడుతున్నారో మీకు తెలుసా, తెలీదా? నాకు కావలసిన జవాబు ఇదొక్కటే.

హన్నా


కొత్తపేట,
ఆగస్టు 8

హన్నాకి,

నీ జూలై చదువు ఉత్తరం రాలేదు. సభ బాగానే జరిగింది. నీ కుర్చీలో జగ్గారావు మాస్టారిని కూర్చోబెట్టాం.

అప్పటికి నేను పదేళ్ళ పిల్లని. పెద్దవాళ్ళు చెప్పింది చేశాను. కాలం అలాంటిది. ఇప్పుడు తవ్వుకుని ఎవరికి లాభం? సభలో కాపీలన్నీ అయిపోయాయి. నువ్వు బాధపడ్డావు కాబట్టి, మా అబ్బాయి ఉదయ్ కిరణ్‌కి చెప్పి రెండో ముద్రణలో నీ గురించి రాసిందంతా తీయించేశాను. కొత్త కాపీ పంపుతున్నాను, మీ గ్రంథాలయానికి కూడా ఒకటి పంపాను. ఇక ఈ సంగతి వదిలేద్దాం. ఒంట్లో ఎలా ఉంది?

భవాని


రాజోలు,
ఆగస్టు 12

భవానీదేవి గారికి,

అందింది, చదివాను. నలభై రెండో పేజీ తర్వాత ఇప్పుడు మీ పెంపుడు చిలక వస్తోంది. మొదటి ముద్రణలో నన్ను ఎండలో పెట్టారు. రెండోదానిలో ఊళ్ళోంచే పంపేశారు. అచ్చు తప్పులు మాత్రం పదకొండూ క్షేమం.

తెలుసా, తెలీదా అని అడిగాను. నన్ను తీసేయమని అడగలేదు.

హన్నా


కొత్తపేట,
ఆగస్టు 25

హన్నా,

తెలుసు.

మొదట్లో తెలీదు. ఒకరోజు ముసురు పట్టి ఎండ లేదు. నువ్వు తిరిగిచ్చిన పుస్తకం లోపలికి పట్టుకెళ్ళి, మంచం మీద బోర్లా పడుకుని చదువుతున్నాను. నాయనమ్మ చూసింది. జుట్టు పట్టుకుని నూతి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, ఆ వానలోనే నెత్తి మీద చేదలు చేదలు నీళ్ళు గుమ్మరించింది. “ఎవత్తె ముట్టుకున్నదే అది? మంచం మీదికి తెస్తావా?” అంది. ఆ రోజు నుంచి తెలుసు. ఆ తర్వాత ఒక్క పేజీ వదల్లేదు. కొన్నాళ్ళు భయంతో తిప్పాను. తర్వాత భయం పోయింది, తిప్పడం పోలేదు.

నువ్వు దడి సందులోంచి చూడటం కూడా నాకు తెలుసు. నీకు కనబడకుండా నూతి స్తంభం చాటుకి జరిగేదాన్ని. నువ్వు వెళ్ళాక వచ్చి మిగతా పేజీలు తిప్పేదాన్ని.

హాల్లో కలిసి చదివామన్నది అబద్ధం. మొదటిసారి రాసినప్పుడు చెయ్యి ఆగింది. మూడోసారి సాఫు రాసేసరికి నాకే నిజమనిపించింది.

ఇది అచ్చు వేయించలేను. ఉదయ్ కిరణ్, “ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా అమ్మా?” అంటున్నాడు. వాణ్ణి అడ్డం పెట్టుకుంటున్నాను కానీ, ధైర్యం లేనిది నాకే. ఈ కాగితం నీది. ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

భవాని


రాజోలు,
ఆగస్టు 30

భవానీదేవి గారికి,

ఆగస్టులో నేను చదివింది మీ ఉత్తరం ఒక్కటే. రెండు పేజీలు. మీరు రాసినవాటిలో ఇదే మంచిది. ఎక్కడా ఎర్ర సిరా పెట్టే పని పడలేదు.

క్షమించమని మీరు అడగలేదు. అదీ ఒకందుకు మంచిదైంది, నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. స్టాఫ్‌రూమ్‌లో నా పక్కన కూర్చుని నా కూర కలుపుకున్న ఆ ఇరవై ఏళ్ళూ మీకు తెలిసే ఉందన్నది ఇంకా మింగుడు పడటం లేదు. కొన్నాళ్ళు నాకు రాయకండి.

నా ఇష్టం అన్నారు. నిన్న మీ ఉత్తరాన్ని జిరాక్స్ తీయించి మా గ్రంథాలయానికి వెళ్ళాను. మీరు పంపిన పుస్తకంలో నలభై రెండో పేజీకీ మీ చిలకకీ మధ్య జిగురు రాసి అంటించాను. ఒక్క మాట మార్చలేదు, దస్తూరీ మీదే. గ్రంథాలయం చూసుకునే శ్యామ్ బాబు కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివాడు. మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి చదివాడు.

“ఇది ఎవరు రాసేరండీ మేడంగారూ?” అన్నాడు చివరికి.

“పుస్తకం రాసినావిడేనండి.”

“మరి పుస్తకంలో వేయించలేదేమండీ?”

“అది ఆవిణ్ణే అడగాలండి” అని మీ ఫోను నంబరు ఇచ్చాను.

హన్నా