షెడ్డుకే చేతులెత్తారు

ఆదివారం రాత్రి, డబ్ల్యూఆర్ఎస్ కాలనీ

ఇవాళ నా నోరు చేసిన పనికి అన్నం సయించలేదు. వార్డుకి వచ్చిన డబ్బుతో సర్కారు బడికి లైబ్రరీ గది కట్టాలా, గణపతి మండపానికి రేకుల షెడ్డు వెయ్యాలా అని పార్షద్, అంటే మా వార్డు కార్పొరేటరు, కాలనీవాళ్లని అడిగాడు. పెద్దవాణ్ణి కదా, ముందు నన్ను మాట్లాడమన్నారు. నేను ఊరుకుంటానా? అయిదో క్లాసుతో బడి మానేసి రైల్వే షాపులో వ్యాగన్లు బాగుచేసుకుంటూ మూడు భాషలు సొంతంగా నేర్చుకున్నాను, గది కడితే పిల్లలకి చదువొస్తుందా, గదికొస్తుందా అన్నాను. మధ్యలో మా ఫోర్‌మన్ ఇంగ్లీషు కథ కూడా చెప్పాను. అది ఎప్పుడు చెప్పినా పండుతుంది. అందరూ పడీపడీ నవ్వారు. "క్యా బాత్ హై, దాదా" అన్నాడు పార్షద్. చేతులన్నీ షెడ్డుకే లేచాయి.

బయటికొస్తుంటే ఆ బడి టీచరు సరళ నా చెప్పులు వెతికి ఇచ్చింది.

"బాబాయ్, మీరు చదివిన పుస్తకాలన్నీ ఎక్కడివేటి?"

"రైల్వే లైబ్రరీవి. ఒక్కటీ కొనలేదు, తెలుసా?" అన్నాను గొప్పగా.

"అవును, మా నాన్న సెప్పేవోరు. తాళం వేసేదాకా మీరు లేచేవోరు కాదట."

గొంతులో వెక్కిరింపేమీ లేదు. ఉంటే బాగుండేది.

ఆ గది, ఆ ఫ్యాను, నా కోసం తెలుగు పత్రికలు తెప్పించిన గుమాస్తా జీతం, అన్నీ సర్కారు డబ్బే. ఆ ఫ్యాను కింద కూర్చుని చదివి, సొంతంగా చదివానని ఇన్నేళ్లూ చెప్పుకుంటున్నాను.

రేపు పార్షద్ ఇంటికెళ్లి, గదే కట్టించమని అడగాలి. వెళ్తే కుర్చీ వేసి, టీ తెప్పించి, ఏదైనా కథ చెప్పు దాదా అంటాడు. చుట్టూ నలుగురు చేరితే నేనేం చేస్తానో నాకు తెలుసు.